ఈనెపుల్లల మిడత

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. బడిలో తమిళం చదివాను, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం అవ్వ నేర్పింది, చేటలో బియ్యం పరిచి వేలితో దిద్దించి. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది అవ్వా నేనూ. అవ్వ కళ్లకు పొర కమ్మింది. కాబట్టి ఇది నా ఒక్కదానిదే.

కొత్త మాట దొరికిన రోజు జేబులో ఏదో దాచుకున్నట్టు తిరుగుతాను. ఈ రోజు దొరికిన మాట నీరెండ. పొద్దున్నే వచ్చే, ఇంకా కాల్చడం మొదలుపెట్టని ఎండ. మా తిరువొత్తియూరులో అది సముద్రం వైపు నుంచి వస్తుంది. ఫ్యాక్టరీ గోడ దాటి, మా ముందుగది కిటికీలోంచి దూరి, బల్ల మీద ఉన్న అన్న ఫోటో దగ్గర పడుతుంది. ఫోటో పక్కన మిడత ఉంటుంది.

ఈ రోజు కూడా కదిలింది.

మిడత నా అరచేతిలో సగం ఉంటుంది. వీపు మీద చిన్న సోలార్ పలక, కడుపులో కరెంటు దాచుకునే కెపాసిటర్, వెనక పాత ఫోనులోంచి తీసిన మోటారు, రెండు చక్రాలు. బ్యాటరీ లేదు. ఎండను గుటక గుటకగా తాగి, కడుపు నిండగానే ఒక్క ఉరుకు ఉరుకుతుంది. ఆగి మళ్లీ తాగుతుంది. అందుకే అన్న మిడత అన్నాడు. ఒళ్లంతా ఈనెపుల్లలు. ఎండతో నడిచే బండ్ల పందెంలో బరువు తక్కువైనదే ముందు పోతుంది. ప్లాస్టిక్ బరువు, రేకు ఇంకా బరువు. ఒక రోజు అన్న అమ్మ చేతిలో చీపురు లాక్కుని నాలుగు ఈనెలు పీకాడు. "ఇంతకంటే తేలిక ఏముండాది మే, చెప్పు" అన్నాడు నాతో. అమ్మ మిగిలిన చీపురుతో వాడిని వరండా దాకా తరిమింది.

అన్న నవంబరులో పోయాడు. వాన, ఎక్స్‌ప్రెస్ రోడ్డు, కంటైనర్ లారీ. ఇంతే రాస్తాను.

రోజూ నీరెండ వచ్చే వేళకు అమ్మ చిన్న స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంటుంది. మిడత ఉరకగానే "వచ్చినావా రా" అంటుంది. గ్లాసు ఫోటో ముందు పెడుతుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

కాలేజీలో కోదండరాం సార్ పిలిచారు. మార్చి రెండున మా కాలేజీ మైదానంలోనే పోటీ. అన్న ఆఖరి ఏడాది, నేను రెండో ఏడాది. పోయిన ఆగస్టులో ఇద్దరం కలిసే పేర్లు ఇచ్చాం.

"శ్రీకుమార్ పేరు తీసేద్దామా తల్లీ? నీ ఫ్రెండు విజి పేరు రాస్తా."

"ఉండనీండి సార్."

ఆయన అద్దాలు తుడుచుకున్నారు. తర్వాత నిబంధనలు చెప్పారు, నాకు తెలిసినవే. బ్యాటరీ ఉండకూడదు. మొదలుపెట్టే ముందు కెపాసిటర్ రెండు కాళ్లకూ తీగ తాకించి ఖాళీ చేస్తారు. అప్పటి ఎండతోనే పరిగెత్తాలి.

మిడత పరిగెత్తాలి. మార్చిలో మనది పరిగెత్తాలి అని అన్న అన్నాడు. ఏదో ఒకటి కాదు, మిడతే.

ఫిబ్రవరి 6, గురువారం

అమ్మను అడిగాను. ఒక్క రోజుకే అన్నాను.

"వద్దు."

"అది ఎండకు కదలతాది అంతేనమ్మా. దాంట్లో ఇంకేం లేదు."

"ఎండకు కదలతాదని నాకు తెలీదా? పొద్దస్తమానం చెప్తానే ఉండావు గదా." కత్తిపీట మీద సొరకాయ తరుగుతూనే అంది. "ఎండ ఈ ఇంట్లో అన్నిటి మీదా పడతాది. కదిలేది అదొకటే."

నాన్న పేపరు మడిచి మళ్లీ విప్పాడు.

ఫిబ్రవరి 8, శనివారం

రాయాలా వద్దా అని ఆలోచించాను.

సాయంత్రం దీపం పెట్టే వేళ. కరెంటు పోయింది. కిటికీలో వెలుతురు లేదు. అవ్వ విసనకర్ర కోసం తడుముకుంటోంది, నాన్న ఇంకా రాలేదు. బల్ల మీద చిర్రుమని చప్పుడు. అగ్గిపుల్ల గీసి చూస్తే మిడత ఫోటో దగ్గర లేదు, బల్ల అంచుకు వచ్చి ఉంది.

అమ్మ చెయ్యి చాపి, అంచు నుంచి పడిపోకుండా దాన్ని వెనక్కి జరిపింది. నిద్రలో దొర్లే పిల్లవాడిని జరిపినట్టు.

దీనికి కారణం ఉంది. కెపాసిటర్ ఖాళీ అయినా పూర్తిగా ఖాళీ కాదు. లోపలి పొరల్లో కొంచెం మిగిలి ఉంటుంది. వదిలేస్తే అది మెల్లగా పైకి తేలుతుంది. మోటారు మేలుకునే గీత దాకా తేలితే ఒక్కసారి తిరుగుతుంది. సార్ క్లాసులో చెప్పారు. పుస్తకంలో కూడా ఉంది. అందరి కెపాసిటర్లలోనూ జరుగుతుంది. కొత్త విషయం కాదు. భయపడాల్సింది ఏమీ లేదు. కారణం ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇంకొక మిడతను చేస్తాను. అచ్చం అలాగే. దాన్ని ఫోటో పక్కన పెడతాను. మిడతను రేసుకు తీసుకుపోయి, అయ్యాక తెచ్చి మళ్లీ దాని చోట పెట్టేస్తాను. అమ్మకు ఒక్క పొద్దు కూడా లోటు రాదు. కాబట్టి మోసం కాదు.

నకలు. అవ్వను అడిగితే చెప్పిన మాట. దస్తావేజుకు నకలు తీసుకున్నట్టు. అసలు ఎక్కడికీ పోదు.

ఫిబ్రవరి 13, గురువారం

విజి వాళ్ల మేడ మీద పని. విజి పొద్దున నుంచి నవ్వుతూనే ఉంది. తన తమిళాన్ని నేను ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను.

"ఏమే, మీ అమ్మ చీపురు మొత్తం నువ్వే తినేశావా?"

"కొత్తది కొనిచ్చాను."

"కొత్త చీపురు ఇచ్చి పాత పుల్లలు దాచుకునే కోడలు ఎవరికి దొరుకుతుందో."

పని మాత్రం విజి బాగా చేస్తుంది. కష్టమంతా జిగురుతో వచ్చింది. అన్న పెట్టిన చుక్క ఆవగింజంత ఉంటుంది. నేను పెడితే సాంబారు చిందినట్టు ఉంది. రెండుసార్లు గీకి మళ్లీ పెట్టాను. అయినా నాది బరువే. కెమిస్ట్రీ ల్యాబు తక్కెడలో పెట్టి చూస్తే ముల్లు సిగ్గు లేకుండా వాలిపోయింది.

"ఇదే తీసుకుపో రేసుకు" అంది విజి. "నువ్వు చేసింది గదా."

"ఇది పరిగెత్తదు."

"పరిగెత్తించి చూశావా?"

చూడలేదు. ఇది పరిగెత్తడానికి చేసింది కాదు. ఫోటో పక్కన ఉండటానికి చేసింది.

ఫిబ్రవరి 17, సోమవారం

అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు మార్చాను. మిడత ఇప్పుడు నా టిఫిన్ డబ్బాలో, దూది మధ్య ఉంది. చేతులు ఇంకా జిగురు వాసన.

ఫిబ్రవరి 18, మంగళవారం

నీరెండ వచ్చింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటున్నట్టు ఉన్నాను. నకలు కాసేపు తాగి ఉరికింది. వెళ్లి ఫోటో చట్రానికి టక్కున తగిలింది.

అమ్మ ఏమీ అనలేదు. కాఫీ తనే తాగేసింది. కానీ లేచి పోలేదు. రెండో ఉరుకు చూసింది, మూడోది కూడా చూసింది. ఎండపొడ బల్ల దిగి నేల మీదికి జారేదాకా కూర్చుంది.

ఎండపొడ. ఎండ పడిన చిన్న ముక్క. ఇది కూడా మంచి మాట.

ఫిబ్రవరి 20, గురువారం

అమ్మ ఈ రోజు కూడా కాఫీ పెట్టలేదు. "వచ్చినావా రా" అనడం లేదు. మంచిదే. అమ్మ కోలుకుంటోంది.

నిన్న నన్ను అడిగింది: "వేళ్లు చూపించు. ఏంది ఆ బొబ్బలు?"

"ల్యాబులో."

"ల్యాబులో." పసుపూ కొబ్బరినూనే కలిపి రాసింది.

ఫిబ్రవరి 22, శనివారం

మా మేడ మీద మిడతను పరిగెత్తించాను. ఎడమ పక్కకు లాగుతోంది. ముందు ఈనె ఒకటి కొంచెం వంగి ఉంది, అందుకు. అన్నకు తెలుసు. "రేసుకు ముందర సరి చేస్తాం లే" అన్నాడు. వంచి సరి చేయడానికి పట్టకారు తీశాను. మళ్లీ లోపల పెట్టేశాను.

అలాగే ఉండనీ. రేసు దారిలో కుడి పక్క చెక్క దగ్గర నుంచి వదిలితే సరిపోతుంది.

ఇంకొకటి. నిన్న లోకల్ ట్రైనులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూత వేసిన టిఫిన్ డబ్బా, దాని మీద పుస్తకాలు, పైన సంచి జిప్పు. లోపల కదిలింది. విజి చెవి పెట్టి వింది.

"ఏముందే లోపల? ఎలుకా?"

"మిగిలింది" అన్నాను. విజికి అర్థం కాలేదు.

రాత్రి అవ్వను అడిగాను, కనబడకుండా వినబడే చిన్న చప్పుడును ఏమంటారని. అలికిడి అంది. ఎందుకు అడిగావని అడగలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

రేపు అమావాస్య. ఇంట్లో నీచు లేదు, మాటలూ లేవు.

ఫిబ్రవరి 27, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమావాస్య రోజు వండిన అన్నం ముందు కాకికి పెట్టాకే మేము తింటాం. మేడ మీద పిట్టగోడ అంచున అరిటాకు ముక్కలో పెట్టి, కా కా అని పిలవాలి. పోయినవాళ్లు కాకిగా వచ్చి తింటారని అవ్వ చెబుతుంది. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని. అప్పుడు ఇంటివాళ్లు గట్టిగా చెప్పాలి, ఇది చేస్తాం, అది చేస్తాం అని. సరైనది చెబితే కాకి ముడుతుంది.

నవంబరు నుంచి ఆ పని అవ్వదే. అమ్మ మేడ ఎక్కలేదు. అందుకే నేను ధైర్యంగా మిడతను పిట్టగోడ మీద ఎండలో పెట్టుకుని, ఎన్ని గుటకలకు ఒక ఉరుకు వేస్తోందో చూస్తున్నాను. ఎక్కడ పెట్టానో కూడా ఆలోచించలేదు. అవ్వ కాకికి అన్నం పెట్టే చోటే గోడ వెడల్పుగా, నున్నగా ఉంటుంది.

మెట్ల మీద చప్పుడు. అవ్వ నడక కాదు. అమ్మ, చేతిలో అరిటాకు.

"అవ్వకు మోకాళ్లు లేస్తా లేదు" అంది. నన్ను చూసింది. గోడను చూసిందో లేదో నాకు తెలియలేదు. నేను గోడకు అడ్డంగా నిలబడ్డాను.

అమ్మ మెట్ల వైపు గోడ చివర అన్నం పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. కాకి ఒకటి నీళ్ల ట్యాంకు మీద నుంచి దిగింది. అన్నం చుట్టూ తిరిగింది. ముట్టలేదు.

"కుమారా" అంది అమ్మ. నవంబరు తర్వాత ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. "ఏం కావాల్రా నీకు? నీ చొక్కాలు అన్నీ అట్లే ఉండాయి, ఎవరికీ ఇవ్వలా. పాప చదువు నిలపము. బండి అమ్మేసినారు మీ నాయన, దాన్ని మాత్రం అడగొద్దు."

కాకి తల ఒక పక్కకు వంచి వింది. వినిందనే రాస్తాను. తర్వాత గోడ మీద గెంతుకుంటూ నా వైపు వచ్చింది. నన్ను దాటింది. మిడత ముందు ఆగింది.

మిడత ఉరికింది. ఎడమ పక్కకు, కాకి కాళ్ల దగ్గరికి.

కాకి ఒక అడుగు వెనక్కి వేసింది. చూసింది. ముక్కుతో ఆ వంగిన ఈనె పట్టుకుంది. ఎగిరిపోయింది.

అంత తేలికగా చేశాం దాన్ని. అంత తేలికగా.

ఇంటి పక్కనున్న బాదం చెట్టు ఆకుల్లోకి పోయింది, ఇక కనబడలేదు. నేను గోడ మీద నుంచి వంగి చూశాను. అమ్మ ఆ చెట్టు వైపే చూస్తోంది.

"ఎత్తుకోని పోయినాడు" అంది మెల్లగా.

"అమ్మా, అది..."

"తెలుసు. కింద ఉండేది నువ్వు చేసింది."

నేను గోడ వదిలి ఇవతలికి జరిగాను.

"మొదటి దినమే తెలుసు. వాడిది ఎడమ పక్కకు లాగతాది. ఇది నేరుగా పోయి ఫోటోకు తగిలింది. ఎవరికే తెలీదు? నేను చూసినట్టు ఎవరు చూసినారు దాన్ని?"

"మరి ఎందుకు అడగలా?"

"ఏం అడిగేది. ఎట్ల నడస్తాదో చూస్తా ఉంటి."

"కాఫీ కూడా పెట్టలేదు గదమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు బతికుండావు గదే. నీకెందుకు ఫోటో ముందర కాఫీ?"

కాసేపటికి ఒక కాకి వచ్చి అన్నం ముట్టింది. అదేనో, ఇంకొకటో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చెట్టు కింద వెతికాను. ఫ్యాక్టరీ గోడ పక్క కూడా. వాచ్‌మన్ సుందరం ఏం పోయిందని అడిగాడు. చీపురు పుల్లలు అన్నాను. ఆయన నన్ను ఒక రకంగా చూశాడు.

విజికి ఫోను చేసి చెప్పాను. మొత్తం వింది. తర్వాత అంది: "పోటీ అయిపోయింది పో. ఫస్ట్ ప్రైజు కాకికే." నేను నవ్వాను. నవ్వుతుండగా ఏడుపు వచ్చింది. ఏడుపు ఆగేదాకా విజి ఫోను పెట్టలేదు.

సాయంత్రం అమ్మ బల్ల మీద నుంచి నకలును తీసి నా చేతిలో పెట్టింది. "ఎల్లుండి గదా. జిగురు ఎక్కువైంది, గీకు" అంది.

ఫిబ్రవరి నెలంతా దాన్ని నకలు అని రాశాను. దానికి పేరు పెట్టలేదు.

మార్చి 2, ఆదివారం

నాలుగో స్థానం. పదకొండింటిలో.

సార్ పేర్లు చదివారు: శ్రీకుమార్, జనని. మైక్ అన్న పేరును గోడల దాకా తీసుకుపోయి తిరిగి తెచ్చింది. తీగ తాకించి ఖాళీ చేశారు. రేసు దారి మొదట్లో పెట్టాను. నేరుగా పోయింది. బరువుగా, ఆగి ఆగి, కానీ ఒక్కసారి కూడా పక్కకు పోలేదు. మిడత అయితే గెలిచేదా? పక్క చెక్కకు కొట్టుకుని ఆగిపోయేదా? నేను వంద సార్లు పరిగెత్తించాను మనసులో. యాభై సార్లు గెలిచింది.

అమ్మ వచ్చింది, నాన్నతో. గొడుగు వేసుకుని రేసు దారి పక్కనే వంగి నిలబడింది. గొడుగు నీడ పడి నాదీ పక్కవాళ్లదీ ఆగిపోయాయి. "అమ్మా, కొంచెం దూరం" అని సార్ బతిమాలారు. అమ్మ గొడుగు మూసేసి, ఎండలోనే నిలబడి చివరి దాకా చూసింది.

మార్చి 5, బుధవారం

బల్ల మీద ఫోటో ఒక్కటే ఉంది. నాది తిరిగి అక్కడ పెట్టనా అని అడిగితే అమ్మ వద్దంది. నీరెండ వస్తోంది, పోతోంది.

మార్చి 13, గురువారం

బాదం ఆకులు ఎర్రబడి రాలిపోతున్నాయి. ఒక్కో రోజు చెట్టు కొంచెం కొంచెంగా ఖాళీ అవుతోంది. ఈ పొద్దున బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కితే కొమ్మల చీలిక దగ్గర కాకి గూడు కనబడింది. ఎండుపుల్లలు, కరెంటు తీగ ముక్కలు, ఎవరిదో హ్యాంగర్, చీపురు ఈనెలు.

వాటి మధ్య చిన్న నీలం పలక.

ఇది కాకులు పుల్లలు ఏరుకునే కాలం. పుల్లలతో చేసినదాన్ని కాకికి అన్నం పెట్టే గోడ మీదే పెట్టాను. ఇంజనీరింగ్ చదువుతున్నాను నేను.

ఎండ చెట్టు నడిమికి దిగింది. నేను తడి చీర పట్టుకుని అలాగే నిలబడ్డాను. గూటిలో చిర్రుమంది. కాకి ఉలిక్కిపడి ఒక జానెడు లేచింది. కిందికి చూసుకుంది. మళ్లీ కూర్చుంది. కాసేపటికి మళ్లీ చిర్రుమంది. ఈసారి కాకి లేవలేదు.

కిందికి పోయి అమ్మను పిలుచుకు వచ్చాను.

మార్చి 16, ఆదివారం

నాన్న నిచ్చెన అడిగి తెస్తానన్నాడు. "దాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెడితే మీ అమ్మకు బాగుంటాది గదా" అన్నాడు నాతో, అమ్మకు వినబడేటట్టు.

"గుడ్లు ఉండాయి" అంది అమ్మ. "ఆడే ఉండనీండి."

రోజూ నీరెండ వేళకు అమ్మ మేడ మీదికి వస్తోంది, కాఫీతో. ఇప్పుడు గ్లాసులు రెండు. ఒకటి నాకు. మేము మాట్లాడుకోము. గూటిలో అలికిడి అవుతుంది. కాకి అలవాటు పడిపోయింది. మేము కూడా అలవాటు పడితే బాగుండునని ఒక్కోసారి అనుకుంటాను, వద్దని ఒక్కోసారి.

మార్చి 22, శనివారం

రాత్రి నుంచి మబ్బు. పొద్దున కూడా సముద్రం వైపు అంతా బూడిద రంగు. నీరెండ లేదు. ఎండపొడ లేదు. గోడ తడిగా ఉంది.

ఈ రోజు ఏమీ ఉండదని అమ్మకు చెప్పాను. "తెలుసులే" అంది. అయినా మెట్లు ఎక్కింది. నేను కూడా ఎక్కాను. కాఫీ చల్లారిపోయింది. కాకి రెక్కలు ముడుచుకుని కళ్లు మూసుకుంది.

దిగిపోదామని అమ్మ గ్లాసులు తీస్తుండగా గూటిలో చిర్రుమంది. ఒక్కసారి.

అమ్మ నా మొహం చూసింది, నేను చెబుతానని. ఎప్పుడూ నేనే చెబుతాను గదా, కారణం. నాకు తెలుసు. పుస్తకంలో ఉంది.

"వచ్చినాడమ్మా" అన్నాను.